ఇంతకీ ఆట ఎన్నింటికి?

ఫుట్‌బాల్ గురించి ఆడది అడగదగిన ప్రశ్న ఒక్కటే ఉందని మన ఇళ్ళల్లో మగవాళ్ళకి గట్టి నమ్మకం. "ఇంతకీ ఆట ఎన్నింటికి?" అన్నది ఆ ప్రశ్న. అదైనా ఆట మీద ధ్యాసతో అడుగుతోందని అనుకోరు. అన్నాలు ఎప్పుడు వడ్డించాలో, గిన్నెలు ఎప్పుడు సర్దుకోవాలో, వీధి తలుపు గడియ ఎప్పుడు వేసుకోవాలో తేల్చుకోడానికి అడుగుతోందని అనుకుంటారు. అందుకే జవాబు కూడా తల తిప్పకుండానే వస్తుంది. "ఒంటిగంటన్నరకి. నువ్వు పడుకో."

నా మనవి ఏమిటంటే, యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ గురించి ఇవాళ అడగవలసిన ప్రశ్నల్లో అంతకంటే పెద్ద ప్రశ్న లేదు. అది పెనాల్టీయా కాదా, వాడి మోకాలు గీత దాటిందా లేదా, రిఫరీ కళ్ళు పోయాయా ఉన్నాయా — మగవాళ్ళు మూడేసి రోజులు గొంతులు చించుకునే ఈ ప్రశ్నలన్నీ దాని తరవాతవే. ఈ మాట మా ఇంట్లో అంటే నవ్వారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడయితే మధ్యలో అడ్డు తగిలేవాళ్ళు ఉండరు.

ముందు ఆ వాదనల సంగతి చెప్పాలి. మావాడు లివర్‌పూల్. మా ఆడపడుచు కొడుకు చెల్సీ. వాడికి హైటెక్ సిటీలో ఉద్యోగం, శని ఆదివారాలు మకాం మా ఇంట్లో. పక్క వాటా ఆయన రియల్ మాడ్రిడ్. మావారికి ఏ జట్టూ లేదు, ఎవరు ఓడిపోతూంటే వాళ్ళ తరఫున వాదిస్తారు, ప్లీడరు వంశం మరి. ఈ నలుగురూ కలిసి ఆట చూసేది గంటన్నర. వాదించేది వారం.

ఆ వాదనల్లో కొన్నింటికి పుట్టిన తేదీయే గాని చావు లేదు. 2009 మే 6న లండన్‌లో చెల్సీకి, బార్సిలోనాకి సెమీఫైనల్ జరిగింది. నార్వే నుంచి వచ్చిన రిఫరీ టామ్ హెన్నింగ్ ఓవ్రెబో. చెల్సీ వాళ్ళు పెనాల్టీ పెనాల్టీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆయన ఒక్కటీ ఇవ్వలేదు. తొంభై నిమిషాలూ దాటాక ఇనియెస్టా గోలు కొట్టాడు. 1-1. ఎదుటివాళ్ళ మైదానంలో కొట్టిన గోలుకి విలువ ఎక్కువన్న అప్పటి నియమం వల్ల బార్సిలోనా ఫైనల్‌కి వెళ్ళిపోయింది. ద్రోగ్బా టీవీ కెమెరాలోకి మొహం పెట్టి అరిచిన అరుపు లోకమంతా విన్నది. తరవాత ఆ రిఫరీయే తన వల్ల పొరపాట్లు జరిగాయని ఒప్పుకున్నాడు. పాపం, ఆయన్ని చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి. ఆ నియమాన్ని యూఫా వాళ్ళు 2021లో ఎత్తేశారు. అయినా మా ఆడపడుచు కొడుకు ఆ దావా ఇంకా నడుపుతూనే ఉన్నాడు. ఆట జరిగిననాటికి వాడు రెండో తరగతి. అంటే ఈ పగ వాడు కళ్ళారా చూసి పెంచుకున్నది కాదు, వారసత్వంగా సంక్రమించింది.

నన్ను తప్పుగా అనుకోకండి. ఈ వాదనలు పనికిమాలినవని నేను అనను. మన పెళ్ళిళ్ళలో మర్యాదలు తక్కువయ్యాయని ముప్ఫై ఏళ్ళు చెప్పుకునే మనం ఇంకొకళ్ళని అనడానికి ఏముంది? పైగా కొన్ని వాదనల వల్ల నియమాలే మారాయి. 2025 మార్చి 12న మాడ్రిడ్‌లో అట్లెటికోకీ రియల్‌కీ జరిగిన ఆటలో పెనాల్టీల దాకా వచ్చింది. అట్లెటికో కుర్రాడు జూలియన్ అల్వారెజ్ కాలు జారుతూ బంతిని తన్నాడు. బంతి గోల్లోకి వెళ్ళింది. కానీ తన్నే కాలికంటే ముందు రెండో కాలు వెంట్రుకవాసి తగిలిందని వీడియో చూసినవాళ్ళు తేల్చారు. తన్నేవాడు రెండుసార్లు తాకకూడదు కాబట్టి గోలు రద్దు. రియల్ గెలిచింది. లోకమంతా గోల పెట్టింది. చివరికి నియమాలు చేసే సంఘం ఆ జూన్‌లోనే వివరణ ఇచ్చింది, తెలియక అలా రెండుసార్లు తగిలి గోలయితే రద్దు చెయ్యనక్కర్లేదు, మళ్ళీ తన్నించాలి అని. అంటే న్యాయం ఉందన్నమాటే. అట్లెటికో వాళ్ళకి దక్కలేదు గాని, ఉంది.

సరే, ఆ రాత్రి మన గడియారంలో ఎన్నయిందో ఎవరైనా లెక్క వేశారా? అక్కడ రాత్రి 9 గంటలకి మొదలు. ఇక్కడ ఒంటిగంటన్నర. ఆట, అదనపు ఆట, పెనాల్టీలు అన్నీ అయ్యేసరికి నాలుగు దాటింది. మా వీధిలో పాలపాకెట్ల కుర్రాడు సైకిలు ఆపి "ఎవరు గెలిచారు సార్?" అని బాల్కనీలోకి అడిగాడు. ఆ రోజు మా ఇంట్లో ఇద్దరు ఆఫీసుకి, ఒకడు కాలేజీకి వెళ్ళారు. ఎలా వెళ్ళారో వాళ్ళని లేపినదాన్ని నాకు తెలుసు. ఆ కాలు తగిలిందా లేదా అని ఆరు నెలలు వాదించారు గదా, బుధవారం రాత్రి ఆ వేళకి ఆట పెట్టమని ఎవరన్నారని ఒక్కరైనా అడిగారా? అడగరు. రిఫరీ తప్పు మనుషులు చేసిన తప్పు. ఆట వేళ మాత్రం సూర్యోదయంలా దానంతట అది వచ్చేదని వాళ్ళ ఉద్దేశం.

"అత్తయ్యా, నీకు తెలీదులే" అంటాడు మా ఆడపడుచు కొడుకు. ఈ "తెలీదులే" ఒక్కటే నాకు పడదు. దీనికి పెద్ద చరిత్ర ఉంది. కాస్త ఓపిక చేసుకుని వినండి.

ఆడవాళ్ళకి ఆఫ్‌సైడ్ అర్థం కాదన్నది ఇంగ్లండులో పాత హాస్యం. చెప్పుల కొట్లో ఇద్దరు ఆడవాళ్ళు వరసలో నిలుచున్నారనుకో, వెనకావిడ దగ్గర పర్సు లేదనుకో, అంటూ మొదలెట్టి చెపుతారట మనకి. చెప్పుల కొట్టు లేకపోతే మన బుర్రకి ఎక్కదు మరి. ఇంతా చేస్తే ఆ నియమం ఏమిటి? బంతి అందించిన క్షణానికి, ఎదుటివాళ్ళ సగంలో, బంతికన్నా, ఎదుటి జట్టులో చివరినుంచి రెండో మనిషికన్నా, గోలుగీతకి దగ్గరగా ఉండి ఆటలో జోక్యం చేసుకోకూడదు. చేతులు లెక్కలోకి రావు. అంతే. 1925 నుంచీ ఆ రెండో మనిషి లెక్క నడుస్తోంది. మా ఇంట్లో నలుగురు పండితుల్నీ విడివిడిగా అడిగి చూశాను. ముగ్గురు "చివరి డిఫెండర్" అన్నారు. అది తప్పు. నాలుగో ఆయన, అంటే మావారు, "అది సందర్భాన్ని బట్టి ఉంటుంది" అన్నారు. ప్లీడరు వంశం అన్నాను కదా.

2011 జనవరి 22న వుల్వ్స్‌కీ లివర్‌పూల్‌కీ ఆట. గీత దగ్గర జెండా పట్టుకున్న సహాయ రిఫరీ సియాన్ మాసీ అనే పాతికేళ్ళ అమ్మాయి. ఆట మొదలవకముందే, మైకు ఆగిపోయిందనుకుని, స్కై టీవీలో పేరుమోసిన ఇద్దరు వ్యాఖ్యాతలు ఆండీ గ్రే, రిచర్డ్ కీస్ నవ్వుకున్నారు. ఆ అమ్మాయికి ఎవరైనా వెళ్ళి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పిరండర్రా అన్న ధోరణిలో. తీరా ఆటలో ఏమయింది? లివర్‌పూల్ మొదటి గోలుకి ముందు కొద్ది తేడాలో ఆఫ్‌సైడా కాదా అన్న చిక్కు రానే వచ్చింది. ఆ అమ్మాయి జెండా ఎత్తలేదు. వీడియోలు మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు. ఆమెదే రైటు. గ్రే ఉద్యోగం పోయింది, కీస్ రాజీనామా ఇచ్చాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఏమిటో తెలుసాండీ? ఆ పిల్ల ఆ తరవాత ఏళ్ళ తరబడి అదే జెండా పట్టుకుని అదే గీత వెంట పరుగెత్తుతూనే ఉంది. నేనైతే నా నవల్లో ఆమె చేత ఒక పేజీ సంభాషణ పలికించి ఉందును. ఆమెకి అవసరం లేకపోయింది.

ఇంకా వెనక్కి వెళితే ఇంతకన్నా చిత్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు మగవాళ్ళు సరిహద్దులకి పోతే, ఫ్యాక్టరీల్లో ఆయుధాలు చేసిన ఆడపిల్లలు భోజనాల విరామంలో ఫుట్‌బాల్ మొదలెట్టారు. ప్రెస్టన్ ఊళ్ళో డిక్, కెర్ అనే ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు పేరు పడింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. వచ్చిన డబ్బు ధర్మకార్యాలకి. ఇంకో ఏడాది తిరగలేదు, 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం పెద్దలు కూర్చుని ఈ ఆట ఆడవాళ్ళకి తగనిదని తీర్మానించారు. తమ సంఘంలో ఉన్న క్లబ్బుల మైదానాలేవీ వాళ్ళకి ఇవ్వకూడదన్నారు. ఆ నిషేధం తొలగింది 1971లో. అంటే యాభై ఏళ్ళు! ఆ మధ్యలో జర్మనీ వాళ్ళకీ ఆ బుద్ధే పుట్టింది. ఆడదాని సొగసు చెడుతుందని 1955లో వాళ్ళూ నిషేధించారు, 1970 దాకా ఎత్తలేదు. యాభై ఏళ్ళు మైదానంలోకి రానివ్వకుండా తలుపు వేసి, తరవాత "నీకు తెలీదులే" అనడం ఎంత సులువో చూడండి. నూతిలోకి తోసి, ఈత రాదని వెక్కిరించినట్టు.

2019 ఆగస్టు 14న ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌కీ చెల్సీకీ సూపర్ కప్ జరిగింది. మనకి పదిహేనో తారీఖు రాత్రి పన్నెండున్నర. జెండా పండుగ కదా, ఎలాగూ సెలవు. రిఫరీ ఫ్రాన్సు నుంచి స్తెఫానీ ఫ్రపార్. గీతల దగ్గర మాన్యుయెలా నికొలోసి, మిషెల్ ఓనీల్. మగవాళ్ళ యూరప్ పెద్ద కప్పు ఫైనల్‌ని ఒక ఆడది నడిపించడం అదే మొదలు. అదనపు ఆటలో ఆవిడ చెల్సీకి పెనాల్టీ ఇచ్చింది. ఇచ్చీ ఇవ్వగానే మావాడికి ఆవిడ ఆడదన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. అప్పటికి వాడికి ఇంకా మీసాలు రాలేదు, ఆ మాట మాత్రం వచ్చేసింది. మా ఆడపడుచు కొడుక్కి అదే నిమిషంలో ఆవిడ లోకంలోకెల్లా గొప్ప రిఫరీ అయిపోయింది. నేను వంటింట్లోంచి ఈ రెండు తీర్పులూ విన్నాను. చివరికి పెనాల్టీల మీద లివర్‌పూల్ గెలిచింది. లివర్‌పూల్ శిక్షకుడు క్లాప్, మేము కూడా వాళ్ళు ఆట నడిపించినంత బాగా ఆడి ఉంటే 6-0తో గెలిచేవాళ్ళం అన్నాడు. ఆవిడ మరుసటి ఏడు డిసెంబరులో యువెంటస్, కీవ్ జట్ల ఛాంపియన్స్ లీగ్ ఆట నడిపింది. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో ఒక ఆడది, రెబెకా వెల్చ్, ఈల పట్టుకునే నాటికి 2023 డిసెంబరు 23 వచ్చింది.

కాబట్టి "నీకు తెలీదు" అన్న మాట పక్కన పెట్టి, ఇప్పుడు గడియారం సంగతి చూద్దాం. నేను ఆర్ట్స్ చదివినదాన్ని, లెక్కలంటే నాకు జ్వరం. అయినా ఈ లెక్క నాకు నోటికి వచ్చు. ఎండాకాలంలో యూరప్ వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారు. అప్పుడు వాళ్ళ రాత్రి తొమ్మిది మనకి పన్నెండున్నర. చలికాలంలో ఒంటిగంటన్నర. ఛాంపియన్స్ లీగ్ పెద్ద ఆటలు చాలామటుకు ఆ తొమ్మిదికే.

ఈ వేళ ఎవరు పెట్టారు? ఆడేవాళ్ళా? కాదు. చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవాళ్ళా? అంతకంటే కాదు. టీవీ. ఇంగ్లండులో ఒకప్పుడు ఆటంటే శనివారం మధ్యాహ్నం మూడింటికే. శనివారం మధ్యాహ్నం టీవీలో ఆట చూపిస్తే జనం చిన్న క్లబ్బుల మైదానాలకి రారని 1960లలో బర్న్‌లీ క్లబ్బు అధ్యక్షుడు బాబ్ లార్డ్ పట్టుబట్టి, ఆ వేళలో ప్రత్యక్ష ప్రసారం ఉండకూడదన్న కట్టడి తెప్పించాడు. మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఆ దేశంలో టీవీలో ఫుట్‌బాల్ ఉండదు. ఆ కట్టడి మంచికే పుట్టింది. కానీ దాని ఫలితం చూడండి. టీవీ వాళ్ళు ఆ గంటల్ని వదిలేసి ఆటల్ని చుట్టుపక్కలకి లాక్కుపోయారు. శనివారం పన్నెండున్నరకి ఒకటి, సాయంత్రం అయిదున్నరకి ఒకటి, ఆదివారం రెండు, సోమవారం రాత్రి ఎనిమిదికి ఒకటి. 2025 నుంచి నాలుగేళ్ళకి ఇంగ్లండులో ప్రసార హక్కులు 670 కోట్ల పౌండ్లకి అమ్ముడయ్యాయి. అంత ఇచ్చినవాడు గడియారం కూడా పుచ్చుకుంటాడు గదా.

సోమవారం రాత్రి ఎనిమిదికి ఆటయితే దూరం ఊరినుంచి వెళ్ళిన మనిషి ఇల్లు ఎలా చేరాలి? చివరి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. మగవాడైతే స్టేషనులో కూర్చుంటాడు. చంకలో పిల్లతో వెళ్ళిన తల్లి? అందుకే ఆవిడ వెళ్ళదు. వెళ్ళకపోతే ఆడవాళ్ళకి ఆసక్తి లేదంటారు. 2022 ఏప్రిల్ 16న మాంచెస్టర్ సిటీకీ లివర్‌పూల్‌కీ కప్పు సెమీఫైనల్ లండన్‌లో పెట్టారు. ఈస్టరు పండగ, పట్టాల మరమ్మతు. ఆ రెండు ఊళ్ళనుంచీ లండన్‌కి నేరుగా రైళ్ళే లేవు! తరవాత నాలుక కరుచుకుని ఉచితంగా బస్సులు వేశారు. 2023లో క్రిస్మస్‌కి ముందురోజు, ఆదివారం, వుల్వ్స్ చెల్సీ ఆట పెట్టారు. అలా క్రిస్మస్ ముందురోజు ఆ లీగులో ఆట పెట్టడం 1995 తరవాత అదే. మనకి సంక్రాంతి ముందురోజు అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా ఇంటిల్లిపాదినీ వేరే ఊరు రమ్మన్నట్టు. ఏ మగవాళ్ళ కమిటీ ఆ నిర్ణయం చేసిందో గాని, వాళ్ళెవరూ పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళు కారు.

"అదంతా సరే అత్తయ్యా, మన కోసమే కదా వేళలు మారుస్తున్నారు, మనకి మంచిదే కదా" అన్నాడు మా ఆడపడుచు కొడుకు. ఇది కాస్త బలమైన వాదనే, ఒప్పుకుంటాను. 2017 డిసెంబరు 23న రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఆటని మాడ్రిడ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టారు. మనకి సాయంత్రం అయిదున్నర. ఆసియాలో ఎక్కువమంది చూడాలనే పెట్టారు. మనం పకోడీలు వేసుకుని హాయిగా చూశాం. రాత్రి తొమ్మిదింటికి ఆట చూడ్డం అలవాటైన స్పెయిను ఇల్లాలి మధ్యాహ్న భోజనం మాత్రం తలకిందులైంది. భూమి గుండ్రంగా ఉంది, ఎవరో ఒకరు మేలుకోక తప్పదు, నిజమే. కానీ ఎవరు మేలుకోవాలో తేల్చేటప్పుడు మేలుకునేవాళ్ళని అడగాలా వద్దా? మన మీద ప్రేమతో ఎవరూ ఏదీ మార్చటం లేదు. మనం ఎంతమందిమో లెక్క తెలుసుకుని మారుస్తున్నారు. ఆ లెక్క ఎక్కడి దాకా పోయిందంటే 2019 జనవరిలో ఇటలీ వాళ్ళ సూపర్ కప్పు, యువెంటస్‌కీ మిలాన్‌కీ, సౌదీ అరేబియాలో జెద్దాకి తీసుకుపోయి ఆడించారు. కొన్ని గ్యాలరీలు మగవాళ్ళకి మాత్రమే అన్నారు. ఆడవాళ్ళు కుటుంబాల గ్యాలరీల్లోనే కూర్చోవాలి. ఇటలీలో పెద్ద గొడవైంది. ఆట మాత్రం ఆగలేదు.

మా ఇంట్లో వాళ్ళకి నిద్ర అన్న మాట వింటేనే నామోషీ. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ కుర్రాడు లూయిస్ డియాజ్ కొట్టిన గోలు సంగతి మావాడి దగ్గర ఎత్తకండి, అన్నం మానేస్తాడు. జెండా ఎత్తి ఆఫ్‌సైడ్ అన్నారు. వీడియో గదిలో వాళ్ళు చూసి, గోలు సరైనదే అని గ్రహించారు. కానీ మైదానంలో గోలు ఇచ్చేశారనుకుని "సరిపోయింది, కానివ్వండి" అన్నారు. ఆట సాగిపోయింది. సరైన గోలు గాలికి పోయింది. లివర్‌పూల్ 2-1తో ఓడింది. రిఫరీల సంఘమే పెద్ద పొరపాటని ఒప్పుకుంది. ఆ వీడియో గదిలో ఉన్నవాళ్ళు రెండు రోజుల ముందే యు.ఏ.ఇ.లో వేరే ఆటకి పనిచేసి విమానం దిగినవాళ్ళు. బడలిక వల్లే తప్పు జరిగిందని నేను చెప్పలేను. కానీ మావాడూ వాడి స్నేహితులూ ఆ రిఫరీల వంశవృక్షాలు కూడా తవ్వారు గదా, "పాపం, నిద్రపోయారా వాళ్ళు?" అని వాళ్ళకి తోచలేదేం? పరీక్షకి వెళ్ళే పిల్లాడిని మనం మొదట అడిగే ప్రశ్నే అది.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు: మనకెందుకమ్మా ఈ గొడవ, అరుచుకుంటే అరుచుకోనీ, చెవిలో దూది పెట్టుకు పడుకుంటే పోలా అని. నా స్నేహితురాలు ఒకావిడ సరిగ్గా అలాగే అంది. ఆవిడకి నేను చెప్పింది ఇదే. నువ్వు దూది పెట్టుకున్నా ఆరింటికి లేచి ఆరుసార్లు వాళ్ళని లేపేది నువ్వే. నీ నిద్రకి ధర ఎవరూ కట్టలేదు కాబట్టి అది ఉచితమని వాళ్ళు అనుకుంటున్నారు. ఇంకోటి, మీ అమ్మాయికి కూడా ఆ ఆట చూడాలని ఉందేమో ఎప్పుడైనా అడిగావా? మగపిల్లాడు రాత్రి రెండింటిదాకా ముందుగదిలో అరిస్తే "క్రీడాభిమాని" అంటారు. ఆడపిల్ల అయితే తెల్లారేసరికి ఇల్లంతా హితబోధ. ఆటని అర్ధరాత్రికి నెట్టడమంటే మన ఇళ్ళల్లో ఆడపిల్లని దాన్నుంచి బయటకి నెట్టడమే. చట్టం చెయ్యనక్కర్లేదు, 1921 నాటి తీర్మానం అక్కర్లేదు. గడియారం చాలు.

అన్నట్టు, ఇది మనది కాని ఆట అని కూడా అనకండి. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు తయారుచేసిన మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది.

ఇక ఏం చెయ్యగలం అంటారా? జర్మనీ వాళ్ళు చేసి చూపించారు. అక్కడ 2017లో సోమవారం రాత్రి ఆటలు మొదలెట్టారు, ఏడాదికి అయిదు. అయిదే కదా అని అక్కడి అభిమానులు ఊరుకోలేదు. రిఫరీని తిట్టడం కాసేపు ఆపి గడియారాన్ని పట్టుకున్నారు. 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లైప్‌జిగ్‌తో ఆటకి మైదానంలోకి టెన్నిస్ బంతులు కుప్పలుగా విసిరారు. వారం తిరిగేసరికి డార్ట్‌మండ్‌లో 80 వేలు పట్టే మైదానానికి 54 వేలమందే వచ్చారు. తక్కినవాళ్ళు పంతానికి ఇంట్లో కూర్చున్నారు. ఆ ఏడాదిలోపే క్లబ్బులు దిగివచ్చాయి. కొత్త ఒప్పందం మొదలైన 2021 నుంచి సోమవారం ఆటలు లేవు. ఎవరి తలా పగల్లేదు, ఎవరి కాలూ విరగలేదు. టెన్నిస్ బంతులు! మా ఇంట్లో నలుగురు పండితులకీ ఈ కథ చెప్పాను. "ఆ రోజు ఫ్రాంక్‌ఫర్ట్‌కి పెనాల్టీ రావలసింది" అన్నాడు పక్క వాటా ఆయన.

బంతి అంటే మన తెలుగులో రెండర్థాలు ఉన్నాయి. రెండోది మగవాళ్ళకి అంతగా తెలియదు, వాళ్ళెప్పుడూ మొదటి బంతిలోనే కూర్చుంటారు గనక. ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళకి తెలుసు, అప్పటికి గారెలు అయిపోయి ఉంటాయి, పులుసులో ముక్కలుండవు. ఇంగ్లండులో ఆడవాళ్ళ లీగుకి 2025 నుంచి కొత్త టీవీ ఒప్పందం కుదిరింది. ఎక్కువ ఆటలకి ఏ వేళ ఇచ్చారో తెలుసా? ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. మగవాళ్ళ ఆటలు మొదలుకాకముందు టీవీకి ఖాళీగా ఉన్న వేళ. దూరం ఊరి జట్టు వెంట పిల్లల్ని తీసుకుని వెళ్ళవలసినవాళ్ళు చీకటితో లేవాలి. వాళ్ళ ఆటకి జనం లేరు కనక అలా పెట్టారంటారా? 2022 మార్చి 30న బార్సిలోనాలో ఆడవాళ్ళ ఛాంపియన్స్ లీగు ఆటకి 91,553 మంది వచ్చారు. మూడువారాలు తిరిగాక ఇంకో ఆటకి 91,648. మగవాళ్ళ ఆటలకీ నిత్యం అంతమంది రారు.

ఆ ఆదివారం పన్నెండు గంటలు మనకి చలికాలంలో సాయంత్రం అయిదున్నర. కాఫీ తాగుతూ చూడగల వేళ. నిద్ర చెడదు, గొంతు పోదు, సోమవారం ఎవరినీ లేపనక్కర్లేదు. కానీ మా ఇంట్లో ఆ ఆట ఎక్కడ వస్తుందో ఆరా తీసినవాడు ఒక్కడు లేడు. ఆట మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు! ఈసారి నేనే ఆరా తీస్తున్నాను.

యూఫా వాళ్ళు కూడా ఈమధ్య ఒక మంచి పని చేశారు. ఎన్నో ఏళ్ళుగా రాత్రి తొమ్మిదింటికి జరుగుతున్న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ని 2026లో బుడాపెస్ట్‌లో సాయంత్రం ఆరింటికి పెడుతున్నామని 2025లోనే ప్రకటించారు. కారణం వాళ్ళే చెప్పారు, కుటుంబాలకి, పిల్లలకి వీలుగా ఉంటుంది, ఆట అయ్యాక ఇళ్ళకి వెళ్ళడానికి బళ్ళు దొరుకుతాయి అని. మనకి రాత్రి తొమ్మిదిన్నర. చూశారా, ఇన్నాళ్ళూ కుదరదన్నది ఒక్క ప్రకటనతో కుదిరింది. క్వార్టర్ ఫైనళ్ళూ సెమీఫైనళ్ళూ మాత్రం తొమ్మిది దగ్గరే ఉండిపోయాయి. ఫైనల్‌కి వెళ్ళే కుటుంబాలకి పిల్లలుంటారు గాని సెమీఫైనల్‌కి వెళ్ళేవాళ్ళకి ఉండరు కాబోలు.